‘మందలించాడని’ అన్న ఒక్క మాట గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా ఇంటికి మీ పేపరు మా తాతయ్య రోజుల నుంచీ వస్తోంది. పొద్దున్నే గేటు దగ్గర పేపరు పడిన చప్పుడు వినిపించాకే నాన్నకు కాఫీ. మెయిన్ పేపరు కన్నా ముందు జిల్లా పేజీలు తిరగేసేవాడు, మన ఊరి వార్త ఏదైనా పడిందేమోనని. రెండేళ్లుగా ఆ పేజీలు విప్పడం లేదు. మడత మడతగానే తీసి టీవీ బల్ల కింద పెట్టేస్తాడు, నెలాఖరుకు అవి చదవని పేపర్లుగానే పాత పేపర్లవాడి తక్కెట్లోకి పోతాయి. ఎందుకో మీకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఈసారి పూర్తి చేస్తాను, కాస్త పొడుగైనా చదవండి.

రెండేళ్ల కిందట మా తమ్ముడు చనిపోయాడు. వాడికి ఇరవై మూడేళ్లు. తన ప్రాణం తానే తీసుకున్నాడు. మర్నాడు జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది, గట్టిగా పది లైన్లు ఉండదు. హెడ్డింగ్ ‘తండ్రి మందలించాడని యువకుడి బలవన్మరణం’. కింద వాడి పాస్‌పోర్టు సైజు ఫొటో, నాన్న పేరు, మా వీధి పేరు, ఎలా పోయాడో ఆ వివరం. ఏ పేపరు అని చెప్పను. ఆ రోజు ఒకటి కన్నా ఎక్కువ పేపర్లలోనే వచ్చింది, అన్నింట్లోనూ దాదాపు అదే హెడ్డింగ్.

అసలు నాన్న ఏమన్నాడో చెప్తాను. ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర, “ఎన్నాళ్లురా ఇలా ఫోను పట్టుకుని పడుకుంటావు, రేపు బాబాయితో గుంటూరు వెళ్లి ఆ ఉద్యోగం సంగతేంటో కనుక్కో” అన్నాడు. అంతే. గొంతు కూడా పెంచలేదు. ఆ మాట అనని తండ్రి మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఉంటాడా అండీ? ఆసుపత్రి దగ్గర పోలీసులు “నిన్న ఇంట్లో ఏమైనా గొడవ జరిగిందా” అని అడిగితే, అమ్మకు ఒళ్లు తెలియని స్థితిలో గుర్తొచ్చింది అదొక్కటే, అది చెప్పింది. స్టేషన్‌లో రాసుకున్నారు, విలేకరి అక్కడి నుంచి తీసుకున్నాడు, డెస్కులో ఎవరో రాత్రి పదింటికి హడావిడిలో హెడ్డింగ్ పెట్టి ఉంటారు. ఇందులో ఎవరికీ మామీద పగ లేదు, అది నాకు తెలుసు. కానీ ఆ ‘అని’ అన్న చిన్న మాట మా నాన్న మెడకు చుట్టుకుంది, ఇంకా పూర్తిగా ఊడి రాలేదు.

ఆ తర్వాత నుంచి నేను ఈ ‘అని’ ఉన్న హెడ్డింగులన్నీ చూస్తూ వచ్చాను. ఫోను కొనివ్వలేదని. తల్లి తిట్టిందని. మార్కులు తక్కువొచ్చాయని. భార్య పుట్టింటి నుంచి రాలేదని. ప్రతి దాంట్లోనూ ఒక తల్లో, తండ్రో, భార్యో దోషిగా నిలబడి ఉంటారు, వాళ్లను ఎవరూ విచారించలేదు, వాళ్లు చెప్పేది ఎవరూ వినలేదు, కానీ తీర్పు మాత్రం పొద్దున్నే ఊరంతా చదివేస్తుంది. చదివే కుర్రాళ్లకు మాత్రం ఏం తెలుస్తుంది? ఫోను కొనివ్వకపోతే, అమ్మ తిడితే, చనిపోవడం కూడా ఒక దారేనని. అది ఇంకా ప్రమాదం.

నిజం ఏమిటంటే మా తమ్ముడు ఆ రాత్రి మాట వల్ల పోలేదు. ఏడాది పైనుంచే వాడికి ఏదో బాగా లేదు. బీటెక్ అయ్యాక హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సు చేస్తానని వెళ్లి ఎనిమిది నెలల తర్వాత తిరిగొచ్చేశాడు, ఎందుకు వచ్చేశావంటే సరిగ్గా చెప్పలేదు. రాత్రిళ్లు నిద్ర లేదు, తెల్లవారి మూడింటికి వాడి గదిలో లైటు వెలుగుతూ ఉండేది. క్రికెట్ అంటే ప్రాణం పెట్టేవాడు, గ్రౌండుకు వెళ్లడం మానేశాడు. అన్నం తగ్గింది. చివరి నెలలో తన వాచీ మా పిన్ని కొడుక్కి ఇచ్చేశాడు, “నాకెందుకురా, నువ్వు పెట్టుకో” అని. నాతో ఒకసారి ఫోన్‌లో “నేను లేకపోతే మీకందరికీ బరువు తగ్గుతుందక్కా” అన్నాడు. నేను “పిచ్చి మాటలు మాట్లాడకు, ముందు స్నానం చేసి తిను” అన్నాను. ఆ రోజు నాకు పరీక్ష పేపర్లు దిద్దే పని ఉంది, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఈ వాక్యం రాయడానికే ఇన్నాళ్లు పట్టింది.

వాడికి డిప్రెషన్ ఉందని ఇప్పుడు అనుకుంటున్నాను, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లనే లేదు కాబట్టి అది కూడా గట్టిగా చెప్పలేను. కానీ ఒక్క కారణం అని మాత్రం లేదు, అది గట్టిగా చెప్పగలను. ఎన్నో పోగులు పేనుకుంటూ వచ్చాయి. మనకు మాత్రం ఒక్కటే కారణం కావాలి. పేపరుకు కావాలి, పోలీసు రికార్డుకు కావాలి, చుట్టాలకు కావాలి. జాతీయ నేర గణాంక సంస్థ ఏటా లెక్కలు వేస్తుంది కదా, అందులోనూ కుటుంబ సమస్యలు, అనారోగ్యం, అప్పులు, పరీక్ష తప్పడం, ఇలా కారణాల పట్టిక ఉంటుంది. 2022లో దేశం మొత్తం మీద 1,70,924 మంది అని అందులో ఉంది, మన రెండు రాష్ట్రాలు కలిపితే 18 వేలు దాటాయి. ప్రతి ఒక్కరూ ఏదో ఒక గడిలో ఇరుక్కోవాల్సిందే. మా తమ్ముడు ఏ గడిలో ఉంటాడో నాకు తెలుసు.

ఇక పలకరింపు. మా వైపు మనిషి పోతే పలకరించడానికి వస్తారు, వచ్చి చాప మీద కూర్చుంటారు, పోయినవాళ్ల మంచి చెప్పుకుంటారు, ఏడుస్తారు, వెళ్తారు. మా తాతయ్య పోయినప్పుడు పదకొండు రోజులూ ఇల్లు ఖాళీగా లేదు, ఆయన ఎడ్ల గురించి, ఆయన కోపం గురించి చెప్పుకుని మధ్యమధ్య నవ్వారు కూడా. తమ్ముడికి వచ్చినవాళ్లు పంచనామా చేశారు. ఏం జరిగింది, ఎవరు ముందు చూశారు, ఏదైనా రాసి పెట్టాడా, ప్రేమ వ్యవహారమా, మీకు ముందే తెలియలేదా. మా పెద్దత్త ఒకావిడ నాన్న వినేలాగే “పిల్లల్ని ఈ రోజుల్లో ఏమీ అనకూడదమ్మా” అంది. దుర్మరణం కాబట్టి ఆత్మ ఇక్కడే తిరుగుతుందని, ఫలానా పూజ చేయించకపోతే ఇంకొకరికి చుట్టుకుంటుందని కొందరు. పెద్దకర్మ అయ్యాక ఒక్కరూ రాలేదు. వాడి పేరు కూడా ఎవరూ ఎత్తలేదు, మా ముందు ఎత్తితే బాధపడతామని కాబోలు. మేం వాడి పేరు ఎవరైనా ఎత్తితే బాగుండునని చూస్తూ ఉండిపోయాం.

అమ్మ రోజూ ఏడ్చేది, అది నయం. నాన్న ఏడవలేదు. టీ కొట్టు దగ్గరికి వెళ్లడం మానేశాడు, పెళ్లిళ్లు మానేశాడు, పొలం కూడా బాబాయే చూసుకున్నాడు. తమ్ముడి ఫోన్ రీచార్జి అయిపోతుందేమోనని ప్రతి నెలా తారీఖు గుర్తు పెట్టుకుని చేయిస్తాడు, ఇప్పటికీ.

ఇక్కడ ఒక భాష సంగతి చెప్పాలి, మీరు రోజూ భాషతో పని చేసేవాళ్లు కాబట్టి. ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అని రాస్తారు. పాల్పడడం అనే మాట మనం దేనికి వాడతాం? దొంగతనానికి పాల్పడ్డాడు, అవినీతికి పాల్పడ్డాడు, అఘాయిత్యానికి పాల్పడ్డాడు. ఒకప్పుడు చట్టం కూడా అలాగే చూసేది, బతికి బయటపడినవాడి మీద పాత శిక్షాస్మృతి ఐపీసీ 309వ సెక్షన్ కింద కేసు పెట్టేవాళ్లు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్‌లో, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వమే అతనికి వైద్యం, సాయం అందించాలి అని రాశారు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ 309 లేదు, ప్రభుత్వ ఉద్యోగి మీద ఒత్తిడి తేవడానికి చేసే ప్రయత్నాన్ని మాత్రమే నేరంగా ఉంచారు. చట్టం మారింది, మన వార్తల్లో క్రియాపదం మారలేదు. ‘చనిపోయాడు’ అని రాస్తే ఏం పోతుంది? ‘ప్రాణాలు కోల్పోయాడు’ అన్నా చాలు. ఇప్పటికీ ఆసుపత్రికి తీసుకెళ్తే కేసవుతుందని భయపడి, నాటు వైద్యం చేయిస్తూ గంటలు పోగొట్టుకునే కుటుంబాలు ఉన్నాయి, దయచేసి ఈ చట్టం సంగతి మీ పేపర్లో పెద్ద అక్షరాల్లో వేయండి.

డబ్బు సంగతి కూడా చెప్తాను, ఇది మాట్లాడితే తప్పేమో అని అందరూ నోరు మూసుకుంటారు, దానివల్ల నష్టపోయేది కుటుంబమే. ఇలా చనిపోతే ఇన్సూరెన్సు రాదని మాకు ముగ్గురు చెప్పారు. అది నిజం కాదు. జీవిత బీమా పాలసీకి మామూలుగా మొదటి ఏడాదిలోనే ఆ పరిమితి ఉంటుంది, ఏడాది దాటాక పూర్తి సొమ్ము ఇవ్వాలి. బ్యాంకు ఖాతాలోంచి ఏటా 436 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా ఉంటుంది చూడండి, అది చేరిన మొదటి నెల దాటితే ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు ఇస్తుంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతు బీమా కూడా కారణం చూడదు. మా తమ్ముడికి ఆ 436 కట్ అయిన సంగతి పాస్‌బుక్ చూసిన బాబాయికి తెలిసింది. నాన్న ఆ డబ్బు ముట్టుకోలేదు, అది వేరే విషయం. కానీ ఇద్దరు చిన్నపిల్లలతో మిగిలిపోయిన భార్యకు అది రెండేళ్ల అద్దె, ఫీజులు. ఆమెకు ఎవరు చెప్పాలి?

ఇప్పుడు నాకు సాయం ఎక్కడ దొరికిందో చెప్తాను, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

వాడు పోయిన నాలుగో నెలలో ఒక రాత్రి రెండింటికి, అందరూ పడుకున్నాక, డాబా మీద కూర్చుని 14416కి ఫోన్ చేశాను. మానసిక సాయం అందించే ఆ ఫోన్ సేవను టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ దాన్ని నడిపించే పెద్ద కేంద్రం. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు నాకు స్కూల్లో గోడకు అంటించిన పోస్టరు వల్ల తెలుసు, రోజూ దాని పక్క నుంచే వెళ్లేదాన్ని. అది చనిపోవాలనుకునే వాళ్ల కోసమేనని, నాలాంటివాళ్లు చేస్తే విసుక్కుంటారేమోనని అనుకున్నాను. “నేను చచ్చిపోవాలని అనుకోవట్లేదండీ, మా తమ్ముడు చచ్చిపోయాడు” అన్నాను. అవతల ఒక ఆడగొంతు, “చెప్పండి, మీ తమ్ముడి పేరేంటి?” అంది.

నాలుగు నెలల తర్వాత వాడి పేరు నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఎలా పోయాడని అడగలేదు. పేరు అడిగింది, ఎలాంటివాడని అడిగింది. నేను దాదాపు నలభై నిమిషాలు మాట్లాడాను, వాడి క్రికెట్ గురించి, చిన్నప్పుడు వాడికి నేను గోరుముద్దలు పెట్టడం గురించి, ఆ ఫోన్ మాట గురించి. అప్పుడు నాకు “ఆ సమయంలో మీకు తెలిసినంతలో మీరు మాట్లాడారు, ఇప్పుడు తెలిసినవి అప్పుడు తెలియవు కదా” అని చెప్పింది. చాలా మామూలు మాట. కానీ ఎవరూ అనని మాట. మధ్యలో ఒకసారి మెల్లగా, సూటిగా, “మీకు కూడా చనిపోవాలని అనిపిస్తోందా?” అని అడిగింది. ఒకటి రెండుసార్లు అనిపించిందని ఒప్పుకున్నాను, మా ఆయనతో కూడా ఆ మాట అనలేదు. ఇలాంటి చావు చూసిన ఇంట్లో మిగిలినవాళ్లకు ఆ ఆలోచన రావడం మామూలు కన్నా ఎక్కువని, అందుకే అడిగానని చెప్పింది. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంటుందని, అమ్మానాన్నలను కూడా తీసుకెళ్లమని చెప్పి, నాలుగు రోజుల తర్వాత తనే ఫోన్ చేసి కనుక్కుంది.

అలా సూటిగా అడగడం గురించి మనకు చాలా భయాలు ఉన్నాయి. చచ్చిపోవాలని ఉందా అని అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని అనుకుంటాం. అలా జరగదని పరిశోధనలు చెప్తున్నాయి, జిల్లా ఆసుపత్రి డాక్టరు గారూ అదే చెప్పారు. అడిగితే ఆ మనిషికి గుండె మీద బరువు దిగుతుంది, దాచుకోనక్కర్లేదని తెలుస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా ‘నేను బరువు’ అంటే, వస్తువులు పంచిపెడుతుంటే, నిద్ర తిండి మానేస్తుంటే, ఉన్నట్టుండి అందరికీ వీడ్కోలు చెప్పినట్టు మాట్లాడితే, పక్కన కూర్చుని అడగండి. అవును అంటే ఒంటరిగా వదలకండి, ప్రమాదం అనిపించే వస్తువులు ఇంట్లోంచి తీసేయండి, 14416కి మీరే కలిపి ఫోన్ చేతికివ్వండి, డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లండి. నేను స్నానం చేసి తిను అన్నాను. మీరు అడగండి.

నాకు దొరకనిది ఒకటుంది, ఇలా పోగొట్టుకున్న వాళ్లు కలిసి కూర్చునే చోటు. ఫోనులో వెతికితే చెన్నైలో స్నేహ అనే సంస్థ కనిపించింది, డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో పెట్టారు, మామూలు మనుషులే వాలంటీర్లుగా ఫోన్లు ఎత్తి వింటారు. మదురైలో నందిని మురళి గారు 2017లో భర్తను ఇలాగే పోగొట్టుకుని, దాచకుండా బయటికి వచ్చి మాట్లాడి, ఇలాంటి కుటుంబాల కోసం స్పీక్ అనే సంస్థ మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో రోష్ని అనే సంస్థ వాళ్లు ఏళ్ల తరబడి ఫోన్‌లో వింటున్నారు. మా పల్నాడు లాంటి చోట మండల కేంద్రంలో ఏముంటుంది? అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయంలో జూలీ సెరెల్ అనే ఆవిడ బృందం లెక్క కడితే ఒక్క మనిషి ఇలా పోతే వాళ్లను ఎరిగినవాళ్లు 135 మంది దాకా ఆ సెగకు లోనవుతారని తేలిందట. మన ఊళ్లలో ఒక్క వీధే అంత ఉంటుంది. ఆ వీధి మొత్తానికి మనం ఏం ఏర్పాటు చేశాం?

అందుకని మేమే కూర్చోవడం మొదలుపెట్టాం. పెద్దగా ఏమీ లేదు. మా వీధి చివర ఒకావిడ కూతుర్ని పోగొట్టుకుంది, ఇంటర్ అమ్మాయి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లి, ఫోన్‌లో ఆవిడ నన్ను అడిగినట్టే, “మీ పాప ఎలా ఉండేదండీ” అన్నాను. ఆవిడ బీరువాలోంచి డ్రాయింగ్ పుస్తకాలు తెచ్చింది, సాయంత్రం దీపాలు పెట్టేదాకా చూపించింది. ఇప్పుడు ఏడుగురం అయ్యాం. నెలకు రెండు ఆదివారాలు, సాయంత్రం నాలుగింటికి, మా స్కూలు ప్రిన్సిపాల్ ఇచ్చిన ఒక తరగతి గదిలో, చిన్నపిల్లల బెంచీల మీద కూర్చుంటాం. ఎలా పోయారనేది చెప్పుకోం. చెప్పాలనిపించిన వాళ్లు చెప్తారు, లేనివాళ్లు టీ తాగి వెళ్తారు. ఎవరికైనా బాగా లేదనిపిస్తే మేం డాక్టర్లం కాదు కాబట్టి ఆసుపత్రికి తోడు వెళ్తాం, అంతవరకే.

అందులో ఒకావిడ భర్త కౌలుకు మిర్చి వేసేవాడు. ఆవిడ కథ వింటే మళ్లీ ఆ ఒక్క కారణం దగ్గరికే వస్తాం. రైతు ఇలా పోతే ప్రభుత్వం ఇచ్చే పరిహారం కోసం ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉండే త్రిసభ్య కమిటీ విచారణకు వస్తుంది, సాగు అప్పుల వల్లే పోయాడని కాగితాలతో రుజువు కావాలి. కౌలు కార్డు లేదు, అప్పు వడ్డీ వ్యాపారి దగ్గర నోటు మీద, తాగుడు అలవాటుందని ఎవరో చెప్పారు. అప్పు వల్ల తాగాడా, తాగుడు వల్ల అప్పయిందా, ఏ కమిటీ తేల్చగలదండీ అది? ఆవిడ పిల్లల ముందు మొగుడి మంచీ చెడ్డా మూడుసార్లు ఆఫీసర్లకు చెప్పుకుంది. బెంచీ మీద కూర్చుని ఒకటే అంది, “ఆయన పాటలు బాగా పాడేవాడమ్మా, అది ఏ కాగితంలోనూ రాయలేదు” అని.

నాన్న ఆరు నెలలు రాలేదు. నన్ను బండి మీద దింపి గేటు బయట వేపచెట్టు కింద నిలబడేవాడు. మొన్న వేసవిలో ఒకరోజు వాన పడింది, లోపలికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆ రోజు కూతుర్ని పోగొట్టుకున్న ఆవిడ భర్త మాట్లాడుతున్నాడు, తను ఆ రోజు పాపను ఏమన్నాడో. నాన్న విన్నాడు. చాలాసేపటికి, ఎవరూ అడగకుండానే, “నేను గుంటూరు వెళ్లి రమ్మన్నానండీ, అంతే అన్నాను” అన్నాడు. అని ఏడ్చాడు. ఆ పెద్దాయన లేచి వెళ్లి పక్కన కూర్చున్నాడు, చెయ్యి పట్టుకున్నాడు, ఏమీ అనలేదు. రెండేళ్లలో నాన్న ఏడవడం నేను చూసింది అదే.

ఇక మిమ్మల్ని అడగాల్సినవి. ప్రెస్ కౌన్సిల్ 2019 సెప్టెంబరులోనే ఇలాంటి వార్తలు ఎలా రాయాలో చెప్పింది, మీకు తెలియనిది కాదు. ప్రముఖంగా వేయొద్దు, పదేపదే వేయొద్దు, విధానం వివరించొద్దు, చోటు వివరాలు ఇవ్వొద్దు, సంచలనంగా హెడ్డింగ్ పెట్టొద్దు, ఫొటోలు వాడొద్దు అంది. మా వార్తలో వీటిలో సగం పైనే తప్పాయి. ఇవి పాటిస్తే ఫలితం ఉంటుందా అంటే, ఆస్ట్రియాలో వియన్నా నగరంలో మెట్రో రైళ్ల దగ్గర ఇలాంటి మరణాలు పెరుగుతుంటే 1987లో అక్కడి పత్రికలు రాసే పద్ధతి మార్చుకున్నాయి, ఆ ఏడాది రెండో సగంలోనే ఆ సంఘటనలు ఎనభై శాతం దాకా తగ్గాయి. పత్రికలు మాత్రమే చేయగలిగిన పని అది, డాక్టర్లు కూడా చేయలేరు.

హెడ్డింగులో ‘అని’ తీసేయండి. తెలియని కారణాన్ని తెలిసినట్టు రాయొద్దు. ఇంటి పేరు, వీధి పేరు, తల్లిదండ్రుల పేరు వద్దు. వార్త వేయక తప్పదనిపిస్తే దాని కిందే 14416 వేయండి, అది కూడా పత్తి గింజంత అక్షరాల్లో కాకుండా. వార్త ఉన్న రోజే కాదు, రోజూ పంచాంగం పక్కన తిథి, నక్షత్రం, రాహుకాలం వేస్తారు కదా, ఆ పక్కనే ఒక లైను చాలు. తెల్లవారుజామున నిద్రపట్టక పేపరు కోసం ఎదురుచూసే వాళ్లు చాలామంది ఉంటారు, మా తమ్ముడూ అలాంటివాడే, స్పోర్ట్స్ పేజీ కోసం నాన్న కన్నా ముందే వెళ్లి గేటు దగ్గర తీసుకునేవాడు. పరీక్షల ఫలితాల రోజు ర్యాంకుల ఫొటోలతో పేజీలు నింపుతారు, ఆ రోజు మొదటి పేజీలోనే ఆ నంబరు ఉండాలి, ఫెయిలైన పిల్లలకు సప్లిమెంటరీ తేదీ పక్కనే. చావు ఆలోచన వచ్చి, ఆగి, సాయం తీసుకుని, ఇప్పుడు మామూలుగా బతుకుతున్న వాళ్ల కథలు రాయండి, అలాంటివాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, అడిగేవాళ్లు లేక చెప్పట్లేదు. సెప్టెంబరు 10 ఆత్మహత్యల నివారణ దినం అని ఒక వ్యాసం వేసి ఊరుకోవద్దు. ప్రతి జిల్లాలో ఇలా పోగొట్టుకున్న కుటుంబాలు కూర్చోవడానికి ఒక గది, నెలకోసారి వచ్చే ఒక కౌన్సెలర్ ఉండాలని కలెక్టర్లను అడగండి. 2022లో కేంద్రం తెచ్చిన జాతీయ వ్యూహం 2030 నాటికి ఈ మరణాలు పది శాతం తగ్గించాలంది, మన జిల్లాల్లో అందుకోసం ఏం జరుగుతోందో మీ విలేకరులు అడిగి రాస్తే చదవాలని ఉంది.

పాఠకులకు కూడా ఒక మాట. ఇలాంటి ఇంటికి పలకరింపుకు వెళ్తే, ఎలా జరిగిందని అడగకండి. పోయిన మనిషి పేరు తలవండి, వాళ్లతో మీకున్న ఒక జ్ఞాపకం చెప్పండి, కూర తీసుకెళ్లండి, పెద్దకర్మ తర్వాత కూడా వెళ్లండి, మూడో నెలలో వెళ్లండి, ఏడాదికి వెళ్లండి. తమ్ముడితో క్రికెట్ ఆడిన ఒక కుర్రాడు సంవత్సరీకం రోజు వాడి పాత బ్యాటు తెచ్చి అమ్మకిచ్చాడు, పట్టుకునే చోట వాడు చుట్టిన టేపు అలాగే ఉంది. అమ్మ దాన్ని దేవుడి గది పక్కన పెట్టుకుంది.

ఇంతవరకు రాసి నిన్న రాత్రి నాన్నకు చదివి వినిపించాను, ఆయన విషయం కాబట్టి అడగకుండా పంపడం ఇష్టం లేక. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. “మన పేరు వేయొద్దని చెప్పు” అన్నాడు. సరే అన్నాను. లోపలికి వెళ్లి మళ్లీ వచ్చాడు. “జిల్లా పేజీలోనే వేయమను” అన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పల్నాడు జిల్లా.